బరువును బట్టి బాధ్యత

రోడ్డుమీద సైకిలు త్రొక్కువాడు మోటారు క్రిందపడి మరణించినప్పుడు మన జనులు మొట్టమొదట నడుగు ప్రశ్న యొకటి గలదు: "వాడు చూచుకొని పోవలదా?" అని. మోటారువాడు చూచుకొనెనా యని యడుగువారు తరువాత వత్తురు, ఒక్కొక్కప్పుడు రానేరారు. ఆ మోటారు ఎంత వేగమున వచ్చెను, ఆ బాటకు నడువదగిన అంచు గలదా, ఆ మలుపున దీపము వెలుగుచున్నదా యని విచారించువారు మిక్కిలి యరుదు. చనిపోయినవాడు సమాధానము చెప్పజాలడు గనుక తప్పు వానిమీద మోపుట సులభము. ఈ సులభమైన అలవాటును ఖండించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మా వాదము సంగ్రహముగా నిది. బాట యందరిది. బాటమీద బోవు ప్రతివానికిని నియమములు గలవు, సైకిలువానికిని గలవు. కాని ఆ నియమముల భారము అందరిమీదను సమానముగా నుండరాదు. ఎవనిచేతిలో నితరులను జంపగల శక్తి యెక్కువగా నున్నదో వానిమీదనే జాగ్రత్తయు నెక్కువగా నుండవలెను. 20 కిలోల సైకిలును 18 టన్నుల లారీని ఎదురెదురుగ నిలువబెట్టి "ఇద్దరును జాగ్రత్తగా నుండుడు" అని యుపదేశించుట న్యాయమువలె గన్పట్టును గాని న్యాయము గాదు. ఒకడు తప్పుచేసిన తానే చచ్చును. ఇంకొకడు తప్పుచేసిన ఎదుటివాడు చచ్చును. ఈ భేదమును మరచిన నీతి నీతియే కాదు.

ఈ మాట హైదరాబాదు వంటి మహానగరమునకే వర్తించునని కొందరు తలపవచ్చును. అది సరికాదు. నల్లగొండ జిల్లాలోని హాలియాను ఉదాహరణముగా దీసికొందము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడెను. లాల్ బహదూర్ కాలువ యని పేరుగల ఎడమకాలువ వచ్చినపిదప దానిక్రింది మెట్టభూములనేకము వరిపొలములయ్యెను. ధాన్యము వచ్చెను, ధాన్యముతో మిల్లులు, మిల్లులతో లారీలు, లారీలతో వేగము వచ్చెను. అనుముల ప్రక్కనున్న హాలియా నేడు పురపాలక సంఘము గల పట్టణము. నల్లగొండనుండియు మిర్యాలగూడనుండియు సాగరమునకు బోవు బాటలు ఇచ్చట గలియుచున్నవి. ఇట్టి పట్టణములకెల్ల నొక లక్షణము గలదు. దూరప్రయాణపు రహదారియే వాని అంగడివీధి, అదియే బడిబాట, అదియే దవాఖానకు దారి. కృష్ణ దాటి మాచెర్లకు బోవు లారీయు, మందుబిళ్ళలకై బయలుదేరిన ముదుసలియు, ట్యూషనునకు బోవు బాలికయు ఒకే తారుపట్టీమీద నడువవలసినదే.

ఆ పట్టీ యంచున సైకిలు త్రొక్కువారెవరు? పల్లెనుండి ఉన్నత పాఠశాలకు వచ్చు పిల్లలు. మిల్లులో బస్తాలు మోయు హమాలీలు. తెల్లవారుజామున పాలు తెచ్చువారు. రాత్రికాపలా ముగించుకొని యింటికి బోవువారు. లైసెన్సు పొందు వయస్సు రానివారు, ఆ వయస్సు దాటిపోయినవారు. ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిపోయినవారు నల్లగొండ జిల్లాలో ననేకులున్న సంగతి లోకమెరిగినదే. చేతితో ద్రిప్పు మూడుచక్రముల బండిమీద గదలు వికలాంగులకును ఆ యంచే శరణ్యము. కోతలకాలమున ఆ యంచుమీదనే వడ్లారబోయుదురు. కుప్పచుట్టు రాళ్ళు పేర్చుదురు. రాత్రివేళ నల్లని పట్టా గప్పుదురు. మిగిలిన చోట లారీ నిలుచును, కంకరకుప్ప పడును, అంగడి ముందరి రేకుల పందిరి దిగును. అంచున స్థలము లేక నడిరోడ్డుమీదికి వచ్చిన సైకిలువానిని జూచి, "అడ్డము వచ్చెను" అందురు. వానికి అడ్డము వచ్చినవెన్నియో లెక్కించువారు లేరు.

ఇది యొక్క హాలియా కష్టమే గాదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణాశాఖ ప్రకటించెను. అందు మోటారుసైకిళ్ళమీదను స్కూటర్లమీదను బోవువారు 74,897 మంది. కాలినడకవారు 32,825 మంది. సైకిలువారు 4,800కు పైబడి. అనగా సైకిలువారు దినమునకు 13 మంది. వీరు బరువైన వాహనములు గలవారు గారు. బరువైన వాహనముల నడుమ తప్పించుకొని బోవలసినవారు. 2011 జనాభా లెక్కలనుబట్టి వ్యవసాయమును గృహపరిశ్రమలను మినహాయింపగా తక్కిన వృత్తులవారిలో నూటికి 13 మంది పనికి సైకిలుమీద బోవుచుండిరి; కారులో బోవువారు నూటికి ముగ్గురైనను లేరు. అట్లయినను మన రోడ్లనెల్ల ఆ ముగ్గురికొరకే కొలిచి వేయుచుండిరి. ఆ పదుమువ్వురిని "జాగ్రత్తగా నుండుడు" అని దీవించి పంపుచుండిరి. ఈ పద్ధతి నేటికిని మారలేదు.

జాగ్రత్త యక్కరలేదని మేమనము. సైకిలువాని ధర్మములను గూడ ఇచ్చట జెప్పెదము. వీనిని ప్రతి తల్లియు తండ్రియు పిల్లలకు కారణములతో సహా నేర్పవలెను. కారణము తెలియని నియమము రెండుదినములలో మరపునకు వచ్చును.

సైకిలు ఎల్లప్పుడును ఎడమప్రక్కన, వాహనములు బోవు దిశయందే నడుపవలెను. ఎదురుగా బోయిన రాబోవు బండి కనుపించునుగదా యని కొందరందురు. కాని గంటకు 15 కిలోమీటర్లతో సైకిలును 60 కిలోమీటర్లతో మోటారును ఎదురెదురుగ వచ్చిన వాని నడుమ వేగము 75 అగును. ఒకే దిశలో బోయిన 45 మాత్రమే. తప్పించుకొనుటకు దొరకు క్షణములు ఆ లెక్కనుబట్టియే పెరుగును, తరుగును. చీకటిపడిన వెంటనే ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపమో ఎర్రని మెరుపుబిళ్ళయో యుండవలెను. ఈ దీపము మనము దారి చూచుకొనుటకు మాత్రమే గాదు, మనము ఇతరులకు గనుపించుటకు. రెండు బ్రేకులును గంటయు నిత్యము సరిచూచుకొనవలెను. కుడికి మరలుటకు ముందు వెనుదిరిగి చూచి, చేయి చాచి, పిదపనే మరలవలెను. పెద్ద కూడలిలో దిగి నడిపించుకొని దాటుట పిరికితనము గాదు. లారీ మలుపు తిరుగుచున్నప్పుడు దాని యెడమప్రక్కకు జొరబడరాదు. అచ్చటనున్నవాడు డ్రైవరు కంటికి గానరాడు. ట్రాక్టరు ట్రాలీని పట్టుకొని బోవుట మన పల్లెపిల్లలకు సరదా, అది ప్రాణాంతకము. ఇద్దరు మువ్వురు ప్రక్కప్రక్కన ముచ్చటించుచు బోరాదు. చెవులలో పాటలు బెట్టుకొని త్రొక్కరాదు. నిలిచిన కారునకు, దాని తలుపు తెరచుకొనినను తగులనంత దూరముగ బోవలెను. తలుపు ఎప్పుడు తెరచుకొనునో చెప్పజాలము. హెల్మెట్టును చట్టము సైకిలువానికి నిర్బంధింపలేదు. ధరించిన మేలే, పడినప్పుడు తలను గాచును. కాని లారీచక్రము నాపగల హెల్మెట్టు ఇంతవరకు పుట్టలేదు.

ఈ ధర్మములన్నియు పాటించిన బాలుడు క్షేమముగా నిల్లు చేరునా? ఇచ్చటనే మన నీతిబోధకులు మౌనము వహింతురు. ఎడమప్రక్కనే పోయినవానిని, దీపము గలవానిని, చేయి చాచినవానిని సయితము వెనుకనుండి వచ్చి కొట్టగల వేగము మన వీధులలో స్వేచ్ఛగా దిరుగుచున్నది. ఆ వేగమునకు చట్టమే తలుపు తెరచినది. 2018 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పరిమితులనుబట్టి పురపాలక సంఘపు హద్దులలోని బాటలమీద కారు గంటకు 70 కిలోమీటర్లు, లారీయు మోటారుసైకిలును 60 కిలోమీటర్లు బోవచ్చును. తక్కువ పరిమితి వేరుగ నిర్ణయింపనిచోట ఇదియే హద్దు.

ఈ 70 అను అంకెను గృహస్థులొకసారి కొలిచి చూతురు గాక. ఆ వేగమున కారు ఒక్క సెకనునకు 19 మీటరులకు మించి పోవును. అడ్డమువచ్చిన బిడ్డను చూచి డ్రైవరు పాదము బ్రేకుమీద బెట్టుటకు ఒక సెకను పట్టుననుకొందము. పొడిరోడ్డుమీద మంచి బ్రేకులుగల కారు నిలుచుసరికి సుమారు 46 మీటరులు గడచును. అదే కారు 30 కిలోమీటర్లతో వచ్చినచో సుమారు 13 మీటరులలో నిలుచును. నిలువక కొట్టినను దెబ్బలో భేదము గలదు: 70 వేగముగల కారు దెబ్బ 30 వేగముగల కారు దెబ్బకు అయిదురెట్లకు పైబడిన బలము గలది. వేగము రెట్టింపైన దెబ్బ నాలుగురెట్లగునని పదవతరగతి పిల్లవాడైనను జెప్పగలడు. సరాసరి వేగము నూటికొక వంతు పెరిగిన మరణములు తెచ్చు ప్రమాదములు నూటికి నాలుగు వంతులు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. కాలినడకవారును సైకిలువారును మోటారులతో గలిసి దిరుగుచోట 30 కిలోమీటర్లే పరిమితిగా నుండవలెనని 2020లో స్టాక్‌హోములో గూడిన దేశముల మంత్రులు ప్రకటించిరి. హాలియా అంగడివీధికంటె అట్టి చోటు వేరొకటి గలదా?

ఇట్టి పరిమితి విధించుటకు అధికారము లేదందురా? 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 112వ విభాగము, ప్రజాక్షేమమును బట్టి ఒక బాటకో ఒక ప్రాంతమునకో తక్కువ వేగమును నిర్ణయించి పలకలు పాతించు అధికారమును రాష్ట్రప్రభుత్వమునకును, అది నియమించిన అధికారులకును ఇచ్చియే యున్నది. కావలసినది క్రొత్త చట్టము గాదు, పాత చట్టము నుపయోగించు మనస్సు.

ఇంకొక సంగతి. సైకిలు ఆ చట్టమున మోటారు వాహనము గాదు. అందుచే దానిని గూర్చిన నియమములు చిరకాలము చెల్లాచెదురుగ నుండెను. ఒకప్పుడు మన పట్టణములలో సైకిలునకు పన్ను చెల్లించి బిళ్ళ గట్టించుకొనవలసి యుండెను. రాత్రి దీపములేనివానిని, వెనుక నింకొకని నెక్కించుకొనినవానిని పోలీసులు పట్టుకొనుచుండిరి. ఆ కాలమున వీధిలో కాలినడకవారికి భయము గల్పించు వేగమైన వాహనము చాలచోట్ల సైకిలే. కావున నియమము బలవంతునిమీదనే యుండెను. నేడు బలవంతుడు మారెను; ఉపదేశము మాత్రము పాతవానియొద్దనే నిలిచిపోయెను. అత్తమీది కోపము దుత్తమీద జూపినట్లు, మోటారులను అదుపుచేయలేని మనము సైకిలువానిని అదలించి తృప్తి చెందుచున్నాము.

2019లో చట్టమును సవరించినప్పుడు 138వ విభాగమున ఒక ఉపవిభాగము చేర్చిరి. యంత్రబలము లేని బండ్లను గూర్చియు కాలినడకవారిని గూర్చియు నియమములు చేయు అధికారము దానిచే రాష్ట్రములకు వచ్చెను. జాతీయ రహదారులు గాని రోడ్లను ఏ ప్రమాణములతో నిర్మింపవలెనో నిర్ణయించు అధికారము 210డి విభాగముచే వచ్చెను. ఈ రెండింటిక్రిందను ఆరుమాసములలో నియమములు చేయవలెనని 2025 అక్టోబరు 7వ తేదీన సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించెను. ఇది సంతోషింపదగినదే. కాని మాకొక భయము గలదు. "క్రమపరచుట" యను మాటకు "అడ్డగించుట" యని యర్థము చెప్పుకొను పాలకులు మన దేశమున గలరు. 2013లో కలకత్తా పోలీసులు 174 వీధులలో సైకిళ్ళను నిషేధించిరి. పాలవాడును, పత్రికలు పంచువాడును, వడ్రంగియు నొక్కసారిగ నేరస్థులైరి. బలహీనుడు గాయపడుచున్నాడని బలహీనునే వీధినుండి వెడలగొట్టుట, బిడ్డలు దొంగిలింపబడుచున్నారని బిడ్డలనే చెరలో బెట్టుట వంటిది. తెలంగాణమున చేయు నియమములలో ఈ దోషము చొరకుండ మేల్కొని చూచుట విద్యావంతుల విధి.

రోడ్డు వేయువారి బాధ్యతయు మరువరానిది. 2019 సవరణచే వచ్చిన 198ఏ విభాగమునుబట్టి రోడ్డు రూపకల్పనలోను, నిర్మాణములోను, నిర్వహణలోను విధింపబడిన ప్రమాణములను పాటింపనందున మరణమో అంగవైకల్యమో సంభవించినచో అధికారికిని గుత్తేదారునకును లక్షరూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ప్రాణమునకు లక్షరూపాయలు వెలయా యని మేమును అడుగుదుము. అయినను ఆ విభాగము ఒక గొప్ప సత్యమును అంగీకరించినది: ప్రమాదమునకు డ్రైవరును బాధితుడును మాత్రమే గాక బాట గూడ కారణము గావచ్చును. నాలుగువరుసల రోడ్డు నడుమ దిమ్మెలు గట్టి, దాటుదారి దూరముగ నిడిన, ఎదుటి పొలమునకు బోవు రైతు అంతదూరము చుట్టిరాడు, తప్పుదిశలోనే వచ్చును. వాని తప్పును మేము సమర్థింపము. కాని ప్రతిదినము వందమంది చేయు తప్పు వందమంది దుర్గుణము గాదు, ఒక రూపకల్పన దోషము.

ఇక మాకెదురు చెప్పువారి మాటలను విచారింతము.

"మోటారువారు పన్ను చెల్లించుచున్నారు, రోడ్డు వారిది" అను వాదము విద్యావంతుల నోటనే మాకు తరచు వినవచ్చుచున్నది. రోడ్డు వేసిన భూమి ప్రజలది. దానిమీది వ్యయములో ఉప్పు పప్పు కొను ప్రతివాని పన్నును గలదు. సైకిలు కొనువాడును పన్ను చెల్లించుచునే యున్నాడు. 2025 సెప్టెంబరు 22వరకు నూటికి 12 రూపాయలు, అటుపిమ్మట 5 రూపాయలు. అదియటుండగా, రోడ్డు నెవరు పాడుచేయుచున్నారు? 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఇంజనీర్లు ప్రత్యేకముగ బాటలు వేసి వానిమీద లారీలను దిప్పి పరీక్షించిరి. ఇరుసుమీది బరువు రెట్టింపైన రోడ్డునకు గలుగు నష్టము సుమారు పదునారు రెట్లగునని తేలెను. ఆ లెక్కను సాగదీసిన 10 టన్నుల ఇరుసు ఒకమారు దొర్లినచో గలుగు నష్టమునకు సైకిలు చక్రము నూరుకోట్లకు మించిన మారులు దొర్లవలెను. పన్నులమాట ఎత్తినవారు ఈ లెక్కను గూడ చదువుదురు గాక.

"సైకిలు పోయినకాలపు వాహనము, ఇప్పుడు ఇంటింట మోటారుసైకిలున్నది" అని మరికొందరందురు. 2020 జూన్ 3వ తేదీన, ప్రపంచ సైకిలు దినమునాడే, ఢిల్లీ ప్రక్కనున్న సాహిబాబాదులోని అట్లాసు సైకిళ్ళ కర్మాగారము పని నిలిపివేసిన మాట నిజమే. కాని 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో దేశమున సుమారు సగము కుటుంబములకు సైకిలు గలదని తేలెను. ఇంటిలో మోటారుసైకిలున్నను అది తండ్రి చేతిలోనో అన్న చేతిలోనో యుండును. బడికి బోవు ఆడుబిడ్డకును, అంగడికి బోవు తల్లికిని అది యుండదు. ఇంటిపెద్ద వాహనమును జూచి ఇంటివారందరును వాహనము గలవారే యని యెంచుట, ఇంటిపెద్ద భుజించెను గనుక అందరికిని ఆకలి తీరెననుట వంటిది.

"చిన్న పట్టణములకు ధనమెక్కడిది?" అనునది మూడవ వాదము. 2023 అక్టోబరు 1వ తేదీన హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాటను ప్రారంభించిరి. దానికి సూర్యశక్తి పలకల పైకప్పు గలదు. రాత్రి దీపములు గలవు. ఎండతగులదు, వాన తడుపదు. మేము దానిని నిందింపము. ఉదయమున వ్యాయామమునకు బోవు ఉద్యోగులకు క్షేమము గలిగిన మాకును సంతోషమే. కాని ఒక ప్రశ్న యడుగకుండ నుండలేము. ఆరోగ్యముకొరకు త్రొక్కువానికి పైకప్పు వేయగల రాష్ట్రము అన్నముకొరకును అక్షరముకొరకును త్రొక్కువానికి మూడడుగుల అంచు నీయజాలదా? హాలియాకు పైకప్పు అక్కరలేదు. తెల్లగీత, మట్టితో సమముగ నింపిన అంచు, వేగపు పలక, వెలుగు దీపము చాలును. ఇవి ధనముచే గాక శ్రద్ధచే వచ్చు వస్తువులు.

అధికారులను మాత్రమే నిందించి మన యింటిని మరచుట మా పత్రికా సంప్రదాయము గాదు. సైకిలునకు మన గృహములలోనే గౌరవము లేదు. పదవతరగతి ముగిసినవెంటనే కుమారునికి మోటారుసైకిలు కొనియిచ్చుట ప్రేమకు గురుతుగాను, సైకిలు ఇచ్చుట లోభమునకు గురుతుగాను ఎంచుచున్నారు. మైనరు బాలుడు మోటారు నడిపి నేరము చేసినచో తండ్రికో సంరక్షకునికో మూడేండ్లవరకు ఖైదును 25,000 రూపాయల జరిమానాయు 199ఏ విభాగమున గలవని యెంతమంది తండ్రులకు దెలియును? శిక్షమాట అటుంచుడు. మన కుమారుడు పరుల బిడ్డను గొట్టిన పాపమును ఏ జరిమానా కడుగగలదు? సైకిలువానిని "అడ్డు తొలగుము" అని హారను మ్రోయించుచు బోవు గృహస్థుడు, సాయంకాలము తన కుమార్తె అదే బాటమీద సైకిలుతో వచ్చుచున్నదని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను.

కుమార్తెల మాట వచ్చినది గనుక దానిని విడువక చెప్పెదము. 1990 దశకపు తొలియేండ్లలో తమిళదేశపు పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగినప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహమున వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. పొలము కూలీలును, రాళ్ళగనులలో పనిచేయువారును, అంగన్వాడీ కార్యకర్తలును తమకై తామే తిరుగ గలిగిరి. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవతరగతిలో జేరు బాలికలకు సైకిళ్ళీయ నారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను అర్థశాస్త్రవేత్తలు దానిని పరిశోధించి, ఆ బాలికల చేరిక నూటికి 32 వంతులు పెరిగెననియు, బాలురకును బాలికలకును గల వ్యత్యాసము నూటికి 40 వంతులు తగ్గెననియు 2017లో ప్రకటించిరి. ఉన్నతపాఠశాల మూడు కిలోమీటర్లకు మించిన దూరముననున్న గ్రామములలోనే ఈ ఫలము ముఖ్యముగ గన్పట్టెను.

మన రాష్ట్రమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. అది మేలైన పని. కాని బస్సు రోడ్డుమీద నిలుచును; ఇల్లు రోడ్డుకు రెండు మూడు కిలోమీటర్ల లోపల నుండును. ఆ నడిమి దూరమును దాటించునది సైకిలే. బాటమీద భయముండినచో తల్లిదండ్రులు మొదట మాన్పించునది కుమారుని ప్రయాణము గాదు, కుమార్తె చదువు. కావున రోడ్డు అంచున పోసిన కంకరకుప్ప రోడ్డుశాఖ వ్యవహారము మాత్రమే గాదు. అది స్త్రీవిద్యకు అడ్డుగోడ. బాలికల విద్యకొరకు సభలు చేయు మనము ఆ కుప్పను దొలగింపజేయలేనిచో మన సభలెందుకు?

అన్యదేశములు పుట్టుకతోనే ధర్మాత్ములు గావు. నేడు మనుష్యులకంటె సైకిళ్ళెక్కువగ నున్న నెదర్లాండ్సులో 1971వ సంవత్సరమున రోడ్లమీద సుమారు 3,300 మంది మరణించిరి. అందు 400కు పైగా పిల్లలు. అప్పుడచ్చటి తల్లిదండ్రులు "పిల్లల హత్య నాపుడు" అను పేర నుద్యమము లేవదీసి వీధులలో బైఠాయించిరి. 1973లో చమురు కరవు వచ్చి ప్రభుత్వమునకు గూడ కనువిప్పు గలిగెను. వారు పిల్లలకు జాగ్రత్తలు చెప్పి యూరకుండలేదు. వీధులను మార్చిరి, వేగమును దగ్గించిరి, సైకిలునకు వేరుబాట లిచ్చిరి. నేడు అచ్చట సంవత్సరమునకు రోడ్డు మరణములు వేయికి లోపుగనే యున్నవి. ఆ మార్పు నారంభించినవారు ఇంజనీర్లు గారు, గృహస్థులు. "నా బిడ్డ తప్పు గాదు, బాట తప్పు" అని బిగ్గరగ జెప్పగలిగిన తల్లులు.

హాలియాలోనేమి, అట్టి ప్రతి పట్టణములోనేమి చేయవలసినది స్పష్టముగనే యున్నది. పట్టణము మొదలునుండి చివరవరకు రహదారిమీద గంటకు 30 కిలోమీటర్ల పరిమితిని 112వ విభాగముక్రింద ప్రకటింపజేసి, పలకలు పాతించి, పోలీసులచే అమలు జరిపింపవలెను. రెండుప్రక్కల అంచును గీతగీసి విడదీసి, దానిమీద లారీలు నిలుపుటను, సామాను పోయుటను మాన్పింపవలెను. వడ్లారబోయు రైతును తిట్టుట తగదు. వానికి మార్కెట్టు యార్డునందో ఊరిప్రక్కనో కళ్ళమును చూపి, పిదపనే రోడ్డుమీద పోయరాదని చెప్పవలెను. బడి విడుచువేళల పెద్దలారీల నూరి వెలుపల నాపవలెను. కూడళ్ళవద్ద దీపములు వెలుగవలెను. ప్రతి పాఠశాలలోను సంవత్సరమున నొకదినము సైకిళ్ళ బ్రేకులను దీపములను పరీక్షించి, లేనివారికి ఎర్రని మెరుపుబిళ్ళ లుచితముగ బిగింపవలెను. ప్రమాదము జరిగిన ప్రతిచోట "ఎవని తప్పు?" అని మాత్రమే గాక "ఈ చోట మరల జరుగకుండ నేమి మార్చవలెను?" అని పురపాలక సంఘము వ్రాతమూలముగ సమాధానము చెప్పవలెను.

ఇవి జరుగువరకు ఊరకుండక చదువరులు తమంతట తామే చేయదగినది యొకటి గలదు. మోటారు నడుపు ప్రతి గృహస్థుడును సైకిలువాని వెనుకకు వచ్చినప్పుడు వేగము దగ్గించి, హారను మ్రోయింపక, నిలువెడు దూరము విడిచి దాటవలెను. దాటుటకు స్థలము లేనిచో వెనుకనే నిదానముగ బోవలెను. ఇందుచే నష్టపోవునది అరనిమిషము. బలవంతుడు తన బలమును అదుపునం దుంచుకొనుటయే నాగరకత యని మన పెద్దలు రాజులకు బోధించిరి. నేడు రాజ్యములు లేవు గాని ప్రతివాని కాలిక్రింద నొక యంత్రము గలదు. ఆ యంత్రము నెంత మెల్లగ నడుపునో, దానినిబట్టియే మనిషి సంస్కారమును గొలువవలెను.